చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (నవంబరు 10, 1798 - డిసెంబరు 12, 1884) తెలుగు భాషాసాహిత్యాలకు సేవ చేసిన ఆంగ్లేయుడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు రాజధానికి వచ్చి తెలుగు నేర్చుకుని, శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాలను సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించి, కొన్నింటిని అచ్చు వేయించాడు. వేమన పద్యాలను మొదటిసారిగా ఆంగ్లానువాదంతో ప్రచురించినవాడుగా, తెలుగు - ఇంగ్లీషు నిఘంటుకర్తగా ఆయన ప్రసిద్ధుడు. ఈ రెండు పనులకూ ముందు ఆయన చేసిన పని మరొకటి ఉంది. తెలుగు పద్యాన్ని అక్షరాలుగా విడగొట్టి గురులఘువులను గుర్తించే పద్ధతిని ఇంగ్లీషులో వివరిస్తూ 1827లో ఒక ఛందోగ్రంథం ప్రకటించాడు. నిఘంటువుకు వచ్చినంత పేరు దీనికి రాలేదు గాని, బ్రౌన్ చేసిన పరిష్కరణలకు పునాది ఈ గ్రంథంలోనే ఉంది.

జననం, విద్యాభ్యాసం

బ్రౌన్ కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త, ఫోర్టు విలియం కళాశాల నిర్వహణలో ప్రముఖుడు. పిల్లలకు చిన్ననాటనే గ్రీకు, లాటిన్, హీబ్రూ వంటి ప్రాచీన భాషలతో పాటు తూర్పు దేశాల భాషలూ పరిచయం చేశాడు. 1812లో తండ్రి మరణించడంతో కుటుంబం ఇంగ్లండు వెళ్ళింది. కంపెనీ ఉద్యోగులకు శిక్షణనిచ్చే హెయిలీబరీ కళాశాలలో చదివి, బ్రౌన్ 1817 ఆగస్టు 4న మద్రాసు చేరాడు. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు.

మద్రాసులో ఫోర్టు సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అభ్యసించాడు. దొరలు ప్రజల భాషలోనే పాలన సాగించాలని పట్టుబట్టిన థామస్ మన్రో 1820లో గవర్నరు అయ్యాడు. ఆ సంవత్సరమే బ్రౌన్ కడప కలెక్టరు హన్‌బరీకి సహాయకుడుగా నియమితుడయ్యాడు. కలెక్టరు తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. కచేరీలో పని అంతా తెలుగులోనే జరగడం వలన బ్రౌన్‌కు వాడుక భాష త్వరగా పట్టుబడింది. 1821లో కడపలోనూ, తరువాత మచిలీపట్నంలోనూ ఉచిత పాఠశాలలు నెలకొల్పాడు.

ఛందశ్శాస్త్ర పరిచయం

1822లో బ్రౌన్ మచిలీపట్నం బదిలీ అయ్యాడు. 1824లో ఫ్రెంచి మతబోధకుడు డుబాయ్ వ్రాసిన హిందువుల ఆచార వ్యవహారాల పుస్తకంలో వేమన పేరు చూసి, ఆ పద్యాల కోసం వెదకడం మొదలుపెట్టాడు. దొరికిన ప్రతులలో ఏ రెండూ ఒకదానితో ఒకటి సరిపోలలేదు. పద్యాల సంఖ్య వేరు, వరుస వేరు, ఒకే పద్యంలో మాటలు వేరు. ఏ పాఠం సరియైనదో తేల్చాలంటే ముందుగా పద్యం నడక తెలియాలి. తిప్పాభొట్ల వెంకట శివశాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య అనే పండితులు ఈ కాలంలో ఆయనకు తోడ్పడ్డారు.

అప్పటికి ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు లేకపోలేదు. 1814లో విలియం కేరీ, 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణాలు వచ్చాయి. ఛందస్సును మాత్రం కవిజనాశ్రయము, అప్పకవీయము వంటి లక్షణ గ్రంథాల నుండి, గురుముఖంగా, లక్షణ పద్యాలను వల్లె వేసి నేర్చుకోవలసి ఉండేది. వేరే భాష నుండి వచ్చినవాడికి ఇది చుట్టుదారి. పద్యానికి లక్షణం చెప్పేది కూడా పద్యమే కావడం వలన, మొదటి పద్యం అర్థం కాకపోతే రెండవదీ అర్థం కాదు. (తెలుగులో మొదటి ఛందోగ్రంథంగా చెప్పే కవిజనాశ్రయానికి కర్త మల్లియ రేచన అని ప్రసిద్ధి. ఆయన వేములవాడ ప్రాంతం వాడంటారు. 10వ శతాబ్దికి చెందిన మూడు తెలుగు కందపద్యాలు గల కురిక్యాల శాసనం కూడా ఆ పరిసరాల్లోనిదే. బ్రౌన్ ఉద్యోగం చేసిన మద్రాసు రాజధానిలో ఈ ప్రాంతం చేరలేదు.)

1827లో మద్రాసు కాలేజి ప్రెస్సులో బ్రౌన్ ఛందోగ్రంథం అచ్చయింది. తెలుగు, సంస్కృత ఛందస్సులు రెండింటినీ అందులో వివరించాడు. తెలుగులో దీనికి ఆంధ్ర గీర్వాణ చందము అని పేరు. అప్పటికి ఆయన వయసు 28 సంవత్సరాలు.

అక్షర విభజన, ఊనిక

బ్రౌన్ ఎదుర్కొన్న ఇబ్బంది ఏమిటో తెలియాలంటే అతని మాతృభాషను ఒకసారి గమనించాలి. ఇంగ్లీషు పద్యం ఊనికను బట్టి నడుస్తుంది. ఏ అక్షరం మీద గొంతు నొక్కి పలుకుతారో అదే లెక్క. గ్రీకు, లాటిన్ పద్యాలు అలా కాక అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని బట్టి నడుస్తాయి. సంస్కృతం, తెలుగు ఈ రెండవ పద్ధతికి చెందినవి. చిన్నతనంలోనే గ్రీకు, లాటిన్ చదివిన వాడికి గురులఘువుల భావన కొత్త కాదు.

ఊనికకు ప్రాధాన్యం గల మరొక భాష స్పానిష్. మాట్లాడుట అనే అర్థం గల క్రియకు ఆ భాషలో ఆ - బ్లో అని రెండు అక్షరాల రూపం ఉంది. మొదటి అక్షరం మీద ఊనిక ఉంటే నేను మాట్లాడుచున్నాను అనీ, రెండవ అక్షరం మీద ఉంటే అతడు మాట్లాడెను అనీ అర్థం. ఊనిక మారితే కాలమూ మారుతుంది, పురుషా మారుతుంది. వ్రాతలో ఈ భేదం చూపడానికి చివరి అచ్చు మీద చిన్న గీత పెడతారు. బ్రౌన్ పుస్తకం వచ్చిన ఎనిమిదేళ్ళకు, 1835లో, చిలీ దేశంలో ఆండ్రెస్ బెల్లో అనే పండితుడు స్పానిష్ ఉచ్చారణ, ఛందస్సుల మీద ఇటువంటి గ్రంథమే ప్రకటించాడు.

తెలుగులో ఊనిక మారినంత మాత్రాన క్రియకు అర్థం మారదు. ఆ పని హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు చేస్తాయి. పడెను, పాడెను అనే రెండు క్రియలను తీసుకుంటే, మొదటిదానిలో మూడూ లఘువులు, అది న గణం. రెండవదానిలో మొదటి అక్షరం గురువు, తక్కిన రెండూ లఘువులు, అది భ గణం. అర్థంతో పాటు గణమూ మారింది.

ద్విత్వం వచ్చినచోట కొత్తవారు తడబడతారు. వచ్చెను అన్న క్రియను తెలుగు లిపిలో వ - చ్చె - ను అని విడదీస్తాము. మొదటి అక్షరం పొట్టిది కదా, లఘువు కావలెను గదా అని విద్యార్థికి అనిపిస్తుంది. నోటితో పలికి చూస్తే అది వచ్ - చె - ను. మొదటి చకారం ముందు అక్షరానికే చేరుతుంది కాబట్టి వ అనేది హ్రస్వమైనా గురువవుతుంది. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వం గురువు అనే సూత్రానికి మూలం ఇదే. స్పానిష్‌లో పైన చెప్పిన ఆ - బ్లో అనే క్రియలో బ్ల అనే జంట హల్లులు రెండూ తరువాతి అచ్చుతోనే పోతాయి. తెలుగువాడు అదే మాటను ఆబ్ - లో అని విడదీసి పలుకుతాడు. అక్షరాన్ని ఎక్కడ కోయాలన్నది ఏ భాషకు ఆ భాష నిర్ణయించుకునే విషయం.

తెలుగు కావ్యభాషలో ఒకే క్రియకు పలు రూపాలుండడం మరొక విశేషం. వచ్చె అంటే ఒక గురువు, ఒక లఘువు. వచ్చెను అంటే గురువు తరువాత రెండు లఘువులు. పొల్లు నకారంతో వచ్చెన్ అంటే రెండూ గురువులే. ఆ పొల్లు తరువాత అచ్చు వస్తే నకారం దానితో కలిసి వచ్చెనతడు అవుతుంది, అప్పుడు రెండవ అక్షరం తిరిగి లఘువవుతుంది. అర్థం అన్నింటికీ ఒకటే. గణాన్ని బట్టి కవి వీటిలో ఒకటి ఎన్నుకుంటాడు. ప్రతి వ్రాసే లేఖకుడు పద్యం నడకను పట్టించుకోకుండా తనకు అలవాటైన రూపం వ్రాస్తే పద్యం విరుగుతుంది.

పదం ఎక్కడ అంతమవుతుందో తెలియడం కూడా అవసరమే. పరబ్రహ్మ అనే సమాసంలో ర తరువాత సంయుక్తాక్షరం ఉంది కనుక అది గురువు. పలికె బ్రహ్మ అన్నప్పుడు కె తరువాత కూడా అదే సంయుక్తాక్షరం ఉన్నా, అవి రెండు వేరు పదాలు, మొదటిది తెలుగు పదం. కాబట్టి కె సాధారణంగా లఘువుగానే ఉంటుంది. తాళపత్రాలలో పదాల మధ్య ఖాళీ విడిచే అలవాటు లేదు. పదవిభాగం తెలిస్తే గాని గురులఘువులు తేలవు, గురులఘువులు తేలితే గాని కొన్నిచోట్ల పదవిభాగం తెలియదు. రెండూ కలిపి చూడగల పండితుడు పక్కన లేకుండా ఈ పని సాగదు.

వేమన పద్యాల పరిష్కరణ

1829లో బ్రౌన్ 693 వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో మద్రాసులో ప్రచురించాడు. 1839లో వచ్చిన రెండవ కూర్పులో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది.

వేమన పద్యాలలో ఎక్కువ భాగం ఆటవెలదులు. ఆటవెలదిలో ఒకటవ, మూడవ పాదాలలో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు ఉంటాయి. రెండవ, నాలుగవ పాదాలలో ఐదూ సూర్య గణాలే. సూర్య గణాలు రెండే రకాలు - న గణం, గలం. వేమన మకుటం కూడా ఈ లెక్కకు సరిగ్గా అమరినదే, అందులో నాలుగు గలాలు, ఒక న గణం ఉన్నాయి. రెండవ పాదంలో సూర్య గణం ఉండవలసిన చోట ఒక ప్రతిలో వచ్చె అనీ మరొక ప్రతిలో వచ్చెను అనీ ఉంటే, మొదటిదే సరియైన పాఠమని వెంటనే చెప్పవచ్చు. రెండవది భ గణం, అది ఇంద్ర గణాల జాబితాలోనిది. ఏత్వ దీర్ఘమో హ్రస్వమో స్పష్టంగా తెలియని చోట కూడా గణమే దారి చూపుతుంది.

బ్రౌన్ పద్ధతి ఇలా ఉండేది. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, లేఖకుల చేత కాగితం మీద నకలు వ్రాయించి, పాఠభేదాలను పక్కన గుర్తింపజేసి, పండితులతో చర్చించి శుద్ధప్రతి సిద్ధం చేయించేవాడు. యూరపులో గ్రీకు, లాటిన్ గ్రంథాలను పరిష్కరించే రీతి ఇదే. తెలుగు గ్రంథాల విషయంలో ఇంత విస్తృతంగా దీనిని అమలుపరచినవారు బ్రౌన్‌కు ముందు కనిపించరు.

అయితే ఛందస్సు లేఖకుని పొరపాటును పట్టిస్తుంది గాని కర్తృత్వాన్ని నిర్ణయించదు. వేమన పేరు పెట్టి ఎవరైనా తప్పులేని ఆటవెలది వ్రాయవచ్చు, ఎందరో వ్రాశారు కూడా. 693 పద్యాలు పదేళ్ళలో 1164 కావడాన్ని బట్టి చూస్తే, సేకరణ పెరిగిన కొద్దీ ఈ చిక్కు కూడా పెరిగిందనే భావించాలి. బ్రౌన్ కూర్పులోని పద్యాలన్నీ వేమనవేనా అనే చర్చ నేటికీ ముగియలేదు.

ఉద్యోగ జీవితంలో ఒడిదుడుకులు

మచిలీపట్నం తరువాత రాజమండ్రిలో పనిచేసి 1826లో బ్రౌన్ తిరిగి కడప చేరాడు. అక్కడ తోటతో కూడిన బంగళా కొని, పండితులను, లేఖకులను తన సొంత ఖర్చుతో పోషించాడు. ప్రజలు దానిని బ్రౌన్ కాలేజి అన్నారు. ఆయన వేరే ఊళ్ళకు బదిలీ అయినా అక్కడి పని ఆగకుండా సాగింది. జీతం చాలక అప్పులు చేశాడు.

1832 - 33లో గుంటూరు సీమలో సంభవించిన నందన కరువులో వేలాది మంది మరణించారు. బ్రౌన్ ఆ కాలంలో కరువు బాధితులకు సహాయ కార్యక్రమాలు చేశాడు. ఆ తరువాత ఉద్యోగంలో చిక్కులు వచ్చి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. అక్కడ ఊరక కూర్చోలేదు. లండనులోని ఇండియా హవుస్ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణాది భాషల వ్రాతప్రతులను చూసి, సంస్కృత పండితుడు హోరేస్ హేమన్ విల్సన్ సహకారంతో వాటిని మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించాడు. 1838లో ప్రభుత్వ పర్షియన్ అనువాదకుడుగా మద్రాసుకు తిరిగి వచ్చాడు. ఆ తరువాత తపాలా శాఖలో పోస్టుమాస్టర్ జనరల్ పదవి కూడా నిర్వహించాడు.

తాను సేకరించిన వ్రాతప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. అనంతర కాలంలో అవి మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. తెలుగు కావ్యాలను పరిష్కరించిన తరువాతి తరాల వారికి ఈ ప్రతులు ఆధారమయ్యాయి.

వ్యాకరణం, నిఘంటువులు

1840లో బ్రౌన్ తెలుగు వ్యాకరణం వెలువడింది. 1857లో దానికి రెండవ కూర్పు వచ్చింది. 1852లో తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. కావ్యాలలోని పదాలతో పాటు సామాన్యులు వాడే మాటలకు, జాతీయాలకు కూడా ఇందులో చోటు దక్కింది. చ, జ అక్షరాలకు తెలుగులో ఉన్న రెండు విధాల ఉచ్చారణను వేరుచేసి చూపడానికి ౘ, ౙ అనే గుర్తులు వాడాడు. అరసున్నను, బండి ఱను పట్టించుకోలేదు. పండితులకు ఇది నచ్చని విషయమే. అయితే అరసున్న ముందున్న అక్షరాన్ని గురువు చేయదు కాబట్టి, దానిని విడిచినందువలన పద్యం లెక్క చెడదు. నిండుసున్న విషయం అలా కాదు.

1854లో అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువు ప్రకటించాడు. కచేరీలలో వాడుకలో ఉన్న పారశీ, అరబీ, హిందుస్తానీ పదాలు ఇందులో ఉన్నాయి. బ్రౌన్ ఏనాడూ నిజాం రాజ్యంలో ఉద్యోగం చేయలేదు. అయినా ఇందూరు, మెదక్ ప్రాంతాల పాత రెవెన్యూ కాగితాలు చదివేవారికి సర్కారు జిల్లాలవారికంటే ఈ నిఘంటువు ఎక్కువ ఉపయోగపడుతుంది.

1903లో ఎం. వెంకటరత్నం, డబ్ల్యు.హెచ్. క్యాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం తెలుగు - ఇంగ్లీషు నిఘంటువును సవరించి కొత్త కూర్పు తెచ్చారు. ఇంటర్నెట్టులో నేడు ఎక్కువగా సంప్రదించేది ఈ కూర్పునే.

సహకరించిన పండితులు

బ్రౌన్ పేరుతో వెలువడిన పని చాలావరకు సమష్టి కృషి. మనుచరిత్ర, వసుచరిత్రలకు జూలూరి అప్పయ్య పండితుడు వ్యాఖ్యానాలు సమకూర్చాడు. ప్రతులు పోల్చినవారు, పాఠభేదాలు వ్రాసినవారు, రోజంతా నకళ్ళు తీసిన లేఖకులు అనేకులు. వారిలో పేరు తెలిసినవారు కొందరే. ఒక గురువు తప్పిందనో ఒక లఘువు ఎక్కువైందనో విని పట్టగల చెవి వారిది. ఏ ప్రతులు తెప్పించాలో, వాటిని ఏ వరుసలో పోల్చాలో నిర్ణయించి, జీతాలిచ్చి, పనిని దశాబ్దాల పాటు నడిపినది బ్రౌన్. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఆ శుద్ధప్రతులు ఉండేవి కావు.

చివరి దశ

బ్రౌన్ 1854లో ఉద్యోగ విరమణ చేసి, 1855లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. 1863లో దక్షిణ దేశపు కాలగణనను వివరించే గ్రంథం ప్రకటించాడు. 1865లో లండను యూనివర్సిటీ కాలేజిలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1866లో తన సాహిత్య జీవితాన్ని సంగ్రహంగా వ్రాసి అచ్చు వేయించాడు. దానిని 1978లో జి.ఎన్. రెడ్డి, బంగోరె సంపాదకత్వంలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పునర్ముద్రించింది.

70 ఏళ్ళ వయసులో బ్రౌన్ తిరిగి ఛందస్సును చేపట్టాడు. 1869లో లండనులో సంస్కృత ఛందస్సును, సంఖ్యాసంకేతాలను వివరించే పుస్తకం ప్రచురించాడు. పద్యంలో సంఖ్యను నేరుగా చెప్పక, చంద్రుడంటే ఒకటి, కన్నులంటే రెండు అని మాటలతో సూచించడమే ఈ సంకేతాల పద్ధతి. శాసన పద్యాలలోని శక సంవత్సరాలను విప్పడానికి ఇది తెలియడం తప్పనిసరి. పద్యం నడక తెలిసినవాడికే సంకేత పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది.

బ్రౌన్ అవివాహితుడు. 1884 డిసెంబరు 12న లండనులో మరణించాడు. సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఉంది. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఏర్పడింది. అది తరువాత భాషా పరిశోధన కేంద్రంగా యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమైంది.